గడప దాటిన నూనె

తుడియలూరులో పొద్దు లేతు మిషన్ల చప్పుడుతో మొదలవుతుంది. పంపుసెట్లు చేసే వర్క్‌షాపుల షట్టర్లు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. ఇనుపరజను వాసన నిద్రమొహంతో వీధిలోకి వస్తుంది. ఆ వీధి మలుపులో డాక్టర్ శ్రీరంజని ఆస్పత్రి ఉంది. నడవలేని కుక్కలకూ పిల్లులకూ వెన్నుపూసలు సర్ది నడిపించే చోటు. ఆ వైద్యాన్ని కైరోప్రాక్టిక్ అంటారని బోర్డు మీద రాసి ఉంటుంది కానీ, వచ్చేవాళ్లెవరూ ఆ మాట పలకరు. వెన్ను సర్దే ఆస్పత్రి అంటారు, లేకపోతే సౌందరం ఉండే ఆస్పత్రి అంటారు. అనేవారు అనాలి. ఈమధ్య ఆ రెండో పేరు వినపడటం లేదు.

సౌందరానికి అరవై దగ్గర పడుతున్నాయి. సన్నటి మనిషి. చేతులు మాత్రం పెద్దవి, ఎవరివో తెచ్చి తగిలించినట్టు ఉంటాయి. రబ్బరు పరిచిన బల్ల మీద కుక్కను నిలబెడితే ఆమె వెంటనే ముట్టుకోదు. అరచెయ్యి దాని ముక్కు ముందు చాపి ఊరుకుంటుంది. అది వాసన చూసి, తల పక్కకు తిప్పి, ఇక ఈ చేతితో తనకు గొడవ లేదని తేల్చుకున్నాక, మెడ దగ్గర మొదలుపెట్టి తోకదాకా ఒక్కొక్క పూసనూ వేళ్లతో పలకరిస్తూ వెళ్తుంది. ఎక్కడో ఒకచోట వేళ్లు ఆగుతాయి. అక్కడ పూస పక్కదాంతో కలిసి కదలటం మానేసి ఉంటుంది, అలిగిన తోడికోడలిలా. సపోటా పండిందో లేదో చూడటానికి ఎంత నొక్కుతామో, అంతే నొక్కుతుంది. టక్కుమనే చప్పుడేదీ రాదు. ఫోన్లలో వీడియోలు చూసి వచ్చినవాళ్లకు ఆ చప్పుడు లేకపోవటం వెలితిగా ఉండేది. ఇంతేనా అన్నట్టు చూసేవారు. కుక్క మాత్రం ఒళ్లంతా దులుపుకొని, నిలబడే తీరు మార్చుకునేది.

ఆ చెయ్యి ఆమెకు తల్లి ఇచ్చింది. సౌందరం పుట్టింది మదురైకి పడమట ఉన్న కంబం లోయలో. తల్లి చిన్నమ్మాళ్ ఎడ్లకు బెణుకులూ కీళ్లూ సర్దే మనిషి. ద్రాక్షతోటల్లోకి ట్రాక్టర్లు రాకముందు, కాడి కింద వెన్ను పట్టేసిన ఎద్దును తోలుకొని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవారు. వచ్చేవాళ్లు ఒక గిన్నెలో ఆముదం తెచ్చుకోవాలి. ఆ నూనె గడప దాటి ఇంట్లోకి వెళ్లిందంటే చిన్నమ్మాళ్ చెయ్యి పెట్టి తీరాలి. మనిషి పేదా గొప్పా, పగవాడా చుట్టమా అన్న మాట అక్కడితో అయిపోవాలని పెట్టుకున్న కట్టు అది. ఆ చెయ్యి పడ్డ జీవం మీద ఇంకొకరి చెయ్యి పడకూడదన్నది దానికి జత. కొడుకు కుళందైసామికి ఆ చెయ్యి రాలేదు. కూతురికి వచ్చింది. రాని కొడుకే దాని గురించి ఎక్కువ గర్వపడేవాడు. మా ఇంటి చెయ్యి అని ఊరంతా చెప్పుకునేవాడు.

పెళ్లయి భర్త తిరుమలసామి వెంట తుడియలూరు వచ్చాక సౌందరం చేతికి పని లేకుండా పోయింది. ఆయన పంపుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పోయాక కొడుకు సతీష్‌కుమార్ అదే షాపులో చేరాడు. ఒకరోజు సౌందరం వాకిట్లో కాలీడ్చే వీధిపిల్లిని ఒళ్లో పెట్టుకొని వెన్ను తడుముతుంటే, అటుగా పోతున్న శ్రీరంజని స్కూటర్ ఆపి చూసింది. అప్పుడే విదేశంలో ఆ కోర్సు చదివి వచ్చి ఆస్పత్రి తెరిచింది. ఆమెదీ సౌందరం వాళ్లలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబమే. "అక్కా, ఈ వేలు ఇక్కడే ఎందుకు ఆగింది?" అని అడిగి వాకిట్లోనే కూర్చుంది. అలా మొదలైంది.

చేతికి తెలిసినదానికి డాక్టరమ్మ కళ్లు ఇచ్చింది. ఎక్స్‌రే బొమ్మను వెలుగు పెట్టె మీద పెట్టి, పూసల మధ్య మెత్తటి బిళ్లలు ఉంటాయని, పొడుగు నడుము కుక్కల్లో అవి త్వరగా ఎండి పగులుతాయని, పగిలిన బిళ్ల నరాన్ని నొక్కుతున్నప్పుడు పైనుంచి ఏ చెయ్యి పడినా ప్రమాదమేనని చూపించింది. బొమ్మ చూడకుండా చెయ్యి పెట్టకూడదు. అది ఆ ఆస్పత్రి కట్టు. ఆ రోజు సౌందరం ఇంటికి వచ్చి అన్నం తినలేదు. అమ్మ చేతి కింద లేవని ఎడ్లు కొన్ని ఉన్నాయి. వాటి రాత అయిపోయిందని అమ్మ అనేది. అందరూ తలూపేవారు. ఇప్పుడు ఆ ఎడ్లు ఒక్కొక్కటే వెలుగు పెట్టె ముందుకు వచ్చి పడుకున్నట్టు అనిపించింది.

అయినా నేర్చుకుంది. ఇష్టంగా నేర్చుకుంది. అందువల్లే అన్నను పోగొట్టుకుంది.

కుళందైసామి ఒకసారి తన తెల్ల వేటకుక్కను తీసుకొని, నూనె గిన్నెతో, నేరుగా ఆస్పత్రికే వచ్చాడు. హాలు నిండా జనం. సౌందరం గిన్నె అందుకోలేదు. ముందు ఎక్స్‌రే తీయించన్నా, నూనె బల్ల మీద జారుతుంది, ఇక్కడ వాడం అంది. ఆమె మామూలుగానే చెప్పింది. ఆయనకు మాత్రం అమ్మ ముఖం మీద తలుపు వేసినట్టు వినిపించింది. గిన్నెతో వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత సతీష్‌కుమార్ పెళ్లి జరిగింది. మేనమామ వచ్చి కట్టాల్సిన తలపాగాను ఎవరో దూరపు వరస వాళ్లు కట్టారు. ఫొటోల్లో సౌందరం ముఖం ప్రతిచోటా గుమ్మం వైపే తిరిగి ఉంటుంది. కొత్త కోడలు గోపిక ఆల్బం తిరగేస్తూ, అత్తయ్యా, మీరెవరి కోసం చూస్తా ఉండారు అని అడిగేది.

అందుకే, ఆ ఆదివారం ఒక ముసలాయన ద్రాక్ష క్రేటును చంకలో ఇరికించుకొని వాకిట్లో నిలబడితే గోపిక ఆయనను గుర్తుపట్టలేదు. కంబం నుంచి వచ్చి, గాంధీపురంలో టౌన్‌బస్ మారి, ఎండలో నడిచి వచ్చాడు. సౌందరం అన్ననని చెప్పి, గుడ్డ కట్టిన చిన్న ఇత్తడి చెంబు చాపాడు. చుట్టం తెచ్చింది రెండు చేతులతో తీసుకోవాలని గోపికకు పుట్టింట్లో నేర్పారు. నవ్వుతూ అందుకుంది. లోపలికి తీసుకెళ్లి వంటింటి అలమరలో చింతపండు డబ్బా పక్కన పెట్టింది.

కూరగాయల సంచితో ఇంటికి వచ్చిన సౌందరానికి ముందు అన్న చెప్పులు కనిపించాయి. తర్వాత అన్న. తర్వాత అలమరలో చెంబు. ఆ మూడింటినీ వరసగా చూసి, సంచి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది.

క్రేటులో మణి. గోధుమరంగు, పొట్టి కాళ్లు, పొడుగు నడుము. వేటకుక్క పోయాక ఆయన పెంచుకున్నది. మంచం మీద నుంచి దూకినప్పటి నుంచీ వీపు విల్లులా వంచి వణుకుతోందట, వెనక కాలు తడబడుతోందట. కంబంలో చూసిన డాక్టరు, తేనికో మదురైకో తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించమన్నాడు, ఆపరేషన్ కావచ్చన్నాడు. కుళందైసామి అక్కడికి పోలేదు. బస్సెక్కి చెల్లెలి దగ్గరికి వచ్చాడు. పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. పెద్దవాడైపోయాడు. మెడ సన్నబడింది. వచ్చిన దగ్గర్నుంచీ ఇంటి గోడలు, కోడలి ముఖం, మేనల్లుడి ఫొటో ఆబగా చూస్తున్నాడు.

సౌందరం మణి వెనక పాదాన్ని వేళ్ల మీద మడిచి నేల మీద పెట్టింది. బాగున్న కుక్క రెప్పపాటులో పాదం తిప్పుకుంటుంది. మణి తిప్పుకోలేదు. తన పాదం ఎక్కడుందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు ఉండి, తర్వాత లాక్కుంది. చాలు, ఆమెకు అర్థమైంది. శ్రీరంజనికి ఫోన్ చేసింది. డాక్టరమ్మ మదురైలో బంధువుల పెళ్లిలో ఉంది. నాదస్వరం హోరులో ఆమె గొంతు తెగి తెగి వచ్చినా మాట స్పష్టంగానే ఉంది: వెన్ను ముట్టుకోవద్దు, క్రేటులోనే కదలకుండా ఉంచు, రేపు పొద్దున్నే వస్తాను, బొమ్మ తీద్దాం.

కుళందైసామి విన్నాడు.

"ఏమ్మా, ఇప్పుడు నీ చేతికి గూడా పర్మిషన్ కావల్నా?" నెమ్మదిగానే అన్నాడు. "మన అమ్మ ఎవుర్ని అడిగి పెట్టింది?"

"అట్ల కాదన్నా. ఇది బిళ్ల పగిలినట్టు ఉండాది. రేపు దాకా ఉండు."

"ఉంటా. ఉండేదానికేమి." ఆయన లేచి క్రేటు మూత సర్దాడు. "ఆ చెంబు తెచ్చి ఇచ్చేయమ్మా గోపికా. ఇంతకుముందు ఒకసారి మోసుకొని పోయినా. దారి తెలుసు."

గోపిక అత్త వైపు చూసింది. తను చేసిన తప్పేమిటో ఆ పిల్లకు తెలియదు. గడప దాటిన నూనె వెనక్కి పోతే ఏమవుతుందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ పోలేదు. ఆ చెంబు ఈ పూట వెనక్కి వెళ్తే అన్న మళ్లీ రాడు. ఆ మెడ మళ్లీ కనపడదు. ఏదో ఒకరోజు కంబం నుంచి ఒక ఫోన్ వస్తుంది, అంతే.

సౌందరం అలమర దగ్గరికి వెళ్లింది. గుడ్డ విప్పి, చేతికి నూనె రాసుకుంది.

గట్టిగా నొక్కలేదు. ఆమె ఎప్పుడూ గట్టిగా నొక్కలేదు. మణి మొదట మూలిగింది, తర్వాత ఊపిరి వదిలింది. వంచిన వీపు కొంచెం కొంచెంగా చదునైంది. క్రేటులోంచి దిగి నీళ్లు తాగింది. కుళందైసామి నేల మీద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకొని ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం చెల్లెలి ఇంట్లో అన్నం తిన్నాడు. సతీష్‌కుమార్ వచ్చాక, భుజం మీది తుండు తీసి వాడి తలకు చుట్టి, నీ పెండ్లికి ఇప్పుడు వచ్చినా గదరా అని నవ్వాడు. గోపిక ఫోన్లో ఫొటో తీసింది. అందులో సౌందరం గుమ్మం వైపు చూడటం లేదు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ రాకముందే ఆయన బయల్దేరాడు. చెయ్యి పడింది, ఇక బొమ్మెందుకు అన్నాడు. క్రేటులోనే ఉంచన్నా, కొన్ని వారాలు నేల మీదికి దించొద్దు, దూకనీయొద్దు అని సౌందరం బస్సు కిటికీ పట్టుకొని చెప్పింది. ఆమా ఆమా అని తలూపాడు. ఆస్పత్రిలో శ్రీరంజని అడిగితే, అన్న ఆగలేదు అమ్మణీ, వెళ్లిపోయాడు అంది. నువ్వు చెయ్యి పెట్టలేదు కదా అక్కా అని అడిగింది డాక్టరమ్మ, అనుమానంతో కాదు, ఊరికే. లేదంది సౌందరం. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, తర్వాత చాలాసేపు ఆమె తన నోటినే తడుముకుంది.

ఆ తర్వాతి రోజులు మంచివి. అన్న ఫోన్ చేసేవాడు. మణి ఎట్ల ఉండాడన్నా అంటే, "వాడికేమి, రాజా" అనేవాడు. తోట నుంచి ముందుగా పండిన పన్నీరు రకం ద్రాక్ష వచ్చింది. గోపిక ఒక్కొక్క గుత్తీ కడిగి ఇరుగుపొరుగుకు పంచుతూ, మా మామయ్య తోటవి అని చెప్పింది. సౌందరం ద్రాక్ష నోట్లో వేసుకున్నప్పుడల్లా ఎక్కడో సన్నగా, పంటి కింద గింజలాగా, ఒక మాట తగిలేది. వాడికేమి అన్న మాట. ఎట్ల ఉండాడంటే, బాగుండాడని ఎందుకు అనడు? అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

కోత మొదలుపెడుతున్నాం, నువ్వు రావాల్సిందేనని అన్న పిలిస్తే వెళ్లింది. కంబం బస్టాండులో దిగేసరికి ఆయన కొత్త పంచె కట్టుకొని నిలబడి ఉన్నాడు. తోట ఇంటి అరుగు నీళ్లు చల్లి శుభ్రంగా ఉంది. అరుగు మీద మనుషులు కూర్చొని ఉన్నారు. ఒకామె ఒళ్లో పిల్లి. ద్రాక్షకోతకు వచ్చే మాయాండి కాళ్ల దగ్గర కుంటుతున్న ఎర్రకుక్క. ఒకరి చేతిలో గ్లాసు, ఒకరి చేతిలో కొబ్బరిచిప్ప, ఇంకొకరి చేతిలో మందు సీసా. అన్నిట్లోనూ ఆముదం.

సౌందరం మెట్టు మీదే ఆగిపోయింది. మణిని లేపి నడిపించిన చెయ్యి అని మీ అన్న చెప్పాడని మాయాండి తమిళంలో చెప్పి దండం పెట్టాడు. ఇంటి చెయ్యి ఇంటికి వచ్చిందని ఎవరో అన్నారు. కుళందైసామి ముఖం దీపంలా ఉంది. ఇన్నేళ్లూ ఆ అరుగు ఖాళీగా ఉండటమే ఆయన జబ్బేమో అనిపించేంత వెలుగు.

"మణి యాడన్నా?" అంది.

"తోటలో యాడనో ఉంటాడు. నువ్వు కాళ్లు కడుక్కో."

ఆమె కాళ్లు కడుక్కోలేదు. పందిరి కిందుగా నడిచింది. గుత్తుల నీడలు ఆమె చీర మీద నల్లటి మచ్చలుగా పడుతూ, జారిపోతూ ఉన్నాయి. మోటారు షెడ్డు వెనక నుంచి ఒక చప్పుడు వస్తోంది. తడిగోనెను గచ్చు మీద లాగుతున్నట్టు. ఆగి, మళ్లీ.

మణి ఆమెను గుర్తుపట్టింది. ముందుకాళ్లతో తన మిగతా ఒంటిని ఈడ్చుకుంటూ వచ్చింది. వెనక కాళ్లు రెండూ ఒకదాని మీద ఒకటి పడి, వేరే ఎవరివో అయినట్టు వెంట వచ్చాయి. మోకాళ్ల దగ్గర వెంట్రుకలు ఊడి, చర్మం ఒరిసి, పుండ్ల మీద ఈగలు. మూత్రంతో తడిసిన గోనె. మెడకు తాడు. తాడు పొడవు షెడ్డు దాటి రాదు.

అన్న వెనకే వచ్చాడు. ఆమె అడగకముందే చెప్పాడు, గొంతు తగ్గించి, ఇంట్లో ఆడపిల్ల గురించి చెప్పినట్టు. ఊరికి వచ్చిన రోజే బస్టాండులో అందరికీ చూపించటానికి క్రేటులోంచి దించాడట. మణి కూడా సంతోషంగా గంతులేసిందట. వారం తిరక్కముందే నడుము పడిపోయింది. కంబం డాక్టరు ఇంకా ఆలస్యం కాలేదు, వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్లమన్నాడు. ఈయన తీసుకెళ్లలేదు. అమ్మ ఇంటి చెయ్యి పడ్డాక దాని మీద కత్తి ఎట్ల పెట్టిస్తానన్నాడు.

"నాకు ఎందుకన్నా చెప్పలేదు?"

"చెప్పి? నీ చెయ్యి పోయిందని ఊరు అనల్నా? నేనుండగా అననిస్తానా?"

ఆయన కళ్లలో ఒక్క రవ్వ నింద లేదు. ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అని, ఇద్దరూ ఏడ్చి, మణిని ఎత్తుకొని ఆ బస్సుకే బయల్దేరేవారేమో. ఆయన ఆమెను కాపాడుతున్నాడు. ఒక తాడుతో, ఒక షెడ్డుతో, మందిలో పెద్దగా నవ్వే నవ్వుతో. అరుగు మీద వాళ్లు ఎదురు చూస్తున్నారు, రా, నువ్వు చెయ్యి పెడితే చాలు అన్నాడు. మణి గురించి అడిగితే తోటలో ఉన్నాడని చెబుదామన్నాడు. ఈ ఇంటికి మళ్లీ నువ్వు వచ్చినావు సౌందరం, అదొక్కటి చాలు నాకు అన్నాడు.

ఆమెకూ అదే కావాలి. ఆ ఆదివారం నుంచీ ఆమె తిన్న ప్రతి ముద్దలోనూ అదే రుచి ఉంది.

వంగి మణి మెడలో తాడు విప్పింది. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి ఎత్తుకుంది. పందిరి కింద నుంచి అరుగు దాకా మోసుకొచ్చి, అందరి మధ్య, నీళ్లు చల్లిన గచ్చు మీద దించింది. మణి జనాన్ని చూసి సంతోషపడి ఈడ్చుకుంటూ ముందుకు వెళ్లింది. తడి గచ్చు మీద దాని వెనక కాళ్లు రెండు గీతలు గీశాయి.

"నేను చెయ్యి పెట్టిన కుక్క ఇది," అంది సౌందరం. "డాక్టరమ్మ వద్దన్నా పెట్టినా. మీవి ఆస్పత్రికి ఎత్తుకొని పోండి. బొమ్మ తీయించండి."

ఆమె మణి వెనక పాదం వేళ్ల మధ్య గట్టిగా గిల్లింది, నొప్పి ఇంకా తెలుస్తుందేమో చివరిసారి చూడాలని. మణి వెనక్కి తిరిగి చూడలేదు. మాయాండి గ్లాసులోకి చూసుకుంటూ లేచాడు. ఒడిలో పిల్లి ఉన్నామె దాని మీద కొంగు కప్పింది. తెచ్చిన నూనెలు తెచ్చినవాళ్లతోనే తోట దాటి వెళ్లిపోయాయి. మెట్లు దిగుతూ ఒకతను, ఆస్పత్రిలో జీతం తీసుకోవడం మొదలుపెట్టింది గదా, అందుకే చెయ్యి పోయింది అన్నాడు. పగిలిన బిళ్ల గురించి ఎవరూ అనుకోలేదు.

కుళందైసామి అరుగు చివర నిలబడి ఉన్నాడు. ముఖం మీద వెలుగు ఎక్కడ నుంచి ఆరిపోవాలో తెలియనట్టు ఇంకా కొంచెం మిగిలి ఉంది. "నేను మూసి పెట్టినా గదమ్మా," అన్నాడు. ఆ తర్వాత లోపలికి వెళ్లాడు. తలుపు వేసుకున్న చప్పుడు పెద్దగా కూడా లేదు.

ఆమె చాలాసేపు కూర్చుంది. ఆ తలుపు తెరుచుకోలేదు. అరుగు కింద ఖాళీ ద్రాక్ష క్రేటు ఒకటి కనిపిస్తే, అందులో తన తువ్వాలు పరిచి, మణిని పడుకోబెట్టి, ఎత్తుకొని రోడ్డుకు నడిచింది.

తుడియలూరులో శ్రీరంజని బొమ్మ తీసింది. వెలుగు పెట్టె మీద ఇద్దరూ చూశారు. ఇప్పుడు కత్తి పెట్టినా నడక రాదంది. ఆ ఆదివారం చెయ్యి పెట్టానని ఒప్పుకొని, ఇది చెయ్యి వల్లా, గంతుల వల్లా, లేక అది ఎలాగూ పగలాల్సిన బిళ్లేనా అని సౌందరం అడిగితే, ఎవరూ చెప్పలేరు అక్కా, అప్పుడే బొమ్మ ఉంటే చెప్పగలిగేదాన్ని అంది. పనిలోంచి తీసెయ్యలేదు. కుక్కలను తుడవటం, పట్టుకోవటం, బల్ల కడగటం ఉన్నాయి. వెన్ను మాత్రం ఆమె చేతికి ఇవ్వటం లేదు. ఆమె అడగటమూ లేదు.

పన్నీరు ద్రాక్ష కాపు వచ్చి పోయింది. కంబం నుంచి ఫోన్ లేదు. గోపిక ఆ ఫొటోను, తుండు చుట్టిన ఫొటోను, ఫ్రేము కట్టించి తెచ్చి, ఎక్కడ పెట్టాలో అడగలేక బీరువాలో దాచింది. అన్న చెంబు అలమరలోనే ఉంది. అందులోని ఆముదం రోజూ కొంచెం మణి మోకాళ్ల పుండ్లకు పోతోంది.

రోజూ పొద్దున, లేతు మిషన్లు మొదలవకముందు, సౌందరం మణిని పెరట్లోకి ఎత్తుకెళ్తుంది. నడుము పడిపోయిన కుక్క తనంతట తను మూత్రం పోయలేదు. పొత్తికడుపు రెండు వైపులా చేతులు పెట్టి మెల్లగా నొక్కాలి. సపోటా పండును చూసేంతే. ఆ చేతులకు ఇప్పుడు ఆ పనే ఉంది. అయ్యాక మణి తల తిప్పి ఆమె మణికట్టు నాకుతుంది, చెవులు ఊపుతుంది, ఛాతీ ఎగరేస్తుంది. దాని సంతోషం నడుము దాకా వచ్చి ఆగిపోతుంది. తోక నేల మీద అలాగే పడి ఉంటుంది.